కెమెరా కొనేముందు ఒకసారి ట్రాక్టర్ వెనక్కి చూడండి



మొన్న సంతలో ఒకాయన నా మెడలో కెమెరా చూసి "ఏం బాబాయ్, పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నావా?" అని నవ్విండు. నవ్వనీ. నాలుగెకరాల మిర్చి రైతుకి కెమెరా ఎందుకు అన్నది తప్పు ప్రశ్నేం కాదు, మా ఇంట్లోనూ అదే అడిగారు. కానీ ఈ మధ్య మన ఊళ్లల్లో పిల్లలు యూట్యూబ్ చానల్ పెడతామని కిస్తీల మీద పెద్ద పెద్ద కెమెరాలు తెస్తున్నారు. ఆ కిస్తీ కట్టేది చివరికి మన పంట డబ్బే. అందుకే నాకు తెలిసింది రాస్తున్నా.

నా సంగతి 2021లో మొదలైంది. ఆ ఏడు నల్ల తామర పురుగు ఖమ్మం, వరంగల్, గుంటూరు తోటల్ని ఎట్లా ఊడ్చిందో మీకు చెప్పక్కర్లేదు. మొదట్లో అదేందో ఎవరికీ అంతుపట్టలేదు. ఫోన్లో పువ్వు ఫోటో తీసి గ్రూపులో పెడితే మసక మసకగా ఒక నల్ల చుక్క. ఒకరు నల్లి అన్నారు, ఒకరు ఎప్పుడూ వచ్చే తామర పురుగే అన్నారు. మందుల షాపులో నల్లి మందు చేతిలో పెట్టారు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మనందరికీ తెలిసిందే. కానీ ఇది పువ్వులో దూరి కూర్చుంది. రెండు పిచికారీలు, కూలీలతో సహా దండగ. ఫోటో స్పష్టంగా ఉంటే తోట బతికేదని నేను అనను, దాని ముందు పెద్ద పెద్ద మందులే తేలిపోయినయ్. ఆ రెండు పిచికారీల డబ్బన్నా మిగిలేది.

తర్వాత పట్నంలో ఒక షాపుకి పోయినా. ఆ పిల్లగాడు మెగాపిక్సెళ్ల లెక్క చెప్పి, రెండు లెన్సుల సెట్టు, బ్యాగు ఉచితం, కిస్తీ నెలకింత అని కాగితం తీసిండు. "బాబూ, మిల్లీమీటరు పురుగు ఫోటో వస్తదా?" అంటే "అన్నీ వస్తయ్ సార్" అన్నడు. అన్నీ వస్తయ్ అన్న విత్తనాల డీలరు గుర్తొచ్చి లేచి వచ్చేసినా.

మిర్రర్‌లెస్ అంటే పెద్ద విషయం ఏం లేదు. పాత పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది, ఫోటో తీసినప్పుడల్లా అది టపుక్కున లేస్తుంది. ఆ అద్దం తీసేస్తే కెమెరా చిన్నదైంది, తేలికైంది. నాది సోనీ ఏ6000, 2014లో వచ్చిన మోడల్. బ్యాటరీతో కలిపి 344 గ్రాములు. సెకండ్‌హ్యాండ్‌లో లెన్సుతో కలిపి 28 వేలు పెట్టినా. మెడలో వేసుకుని కాలవకి నీళ్లు కూడా కట్టొచ్చు. బరువున్నదైతే ఇంట్లో బీరువాలో ఉంటది, పురుగు చేల్లో ఉంటది. ఇక మెగాపిక్సెళ్లంటారా, 2023లో వచ్చిన కానన్ ఆర్50కీ 24, నా పాతదానికీ 24.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. బాడీ మీద పెట్టే డబ్బు తగ్గించి లెన్సు మీద ఆలోచించండి. మనం ట్రాక్టర్ కొన్నాక పని చేసేది ఇంజనా, వెనక తగిలించిన గొర్రు, రోటవేటరా? కెమెరాకీ అంతే. కాకపోతే ట్రాక్టర్ల వాళ్లు మర్యాదస్తులు, ఎవరి గొర్రు అయినా దాదాపు ఎవరి ట్రాక్టరుకైనా తగుల్తుంది. కెమెరా కంపెనీల వాళ్లు ఎవరి కొక్కెం వాళ్లు పెట్టుకున్నారు. దాన్నే మౌంట్ అంటారు. కానన్ ఎం50 చవకగా దొరుకుతుంది, మంచి కెమెరానే, కానీ కంపెనీ ఆ ఎం వరసనే ఆపేసింది. వాళ్ల కొత్త ఆర్ఎఫ్ లెన్సులు దానికి తగలవు.

కెమెరాతో వచ్చే మామూలు లెన్సుతో నేను మోసపోయినంత పని అయింది. ఎంత దగ్గరికి పోయినా మిల్లీమీటరు పురుగు సెన్సారు మీద మిల్లీమీటరులో ఐదో వంతే పడుతుంది. సెన్సారు వెడల్పేమో 23.5 మిల్లీమీటర్లు. మళ్లీ నల్ల చుక్కే! మాక్రో లెన్సు అయితే ఉన్న సైజు ఉన్నట్టు పడుతుంది, కానీ దాని ధర చూసి ఆగిపోయినా.

అప్పుడు అద్దం లేకపోవడం అక్కరకొచ్చింది. లెన్సు తగిలించే చోటికీ సెన్సారుకీ మధ్య దూరం నా కెమెరాలో 18 మిల్లీమీటర్లు, పాత నికాన్ రీలు కెమెరాల్లో 46.5. ఆ తేడాని ఒక అడాప్టరుతో పూడిస్తే పాత లెన్సు కొత్త కెమెరాకి పనిచేస్తుంది. మా మండలంలో మూతబడ్డ స్టూడియో ఆయన సొరుగులో నికాన్ 50 లెన్సు ఊరికే పడుంది, టీ తాగించి ఇచ్చిండు పెద్దమనిషి. మధ్యలో ఐదు సెంటీమీటర్ల ఖాళీ గొట్టాలు పెడితే అదే మాక్రో అయింది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, తెర మీద అంచులు రంగులో మెరిసినప్పుడు నొక్కాలి. గాలి లేని పొద్దుటిపూటే కుదురుతుంది. ఇప్పుడు పురుగు కాళ్లు లెక్కపెట్టొచ్చు.

పాత లెన్సు తీసుకుంటే టార్చి వేసి లోపల చూడండి, వానాకాలం చెమ్మకి బూజు సాలెగూడులా అల్లుకుని ఉంటే వద్దు. చేల్లో లెన్సు మార్చకండి, అద్దం లేదు కదా, దుమ్ము నేరుగా సెన్సారు మీదే పడుతుంది. మందు కొట్టే రోజు అసలు బయటికే తీయొద్దు.

యూట్యూబ్ పిల్లలకి నా కెమెరా పనికిరాదు, దీనికి మైకు పెట్టే రంధ్రం లేదు, తెర మన వైపు తిరగదు. వాళ్లు ఆ రెండూ చూసుకుని కొనాలి. పంట నష్టం ఫోటోలకి కూడా ఇది వద్దు. వాటిల్లో చోటు, టైము పడాలి, నా కెమెరాలో జీపీఎస్ లేదు. దానికి ఫోనే దిక్కు.

వడ్డీకి తెచ్చి మాత్రం కొనకండి అన్నా. ముందు పది రెట్ల భూతద్దం ఒకటి తెచ్చి ఫోన్ కెమెరా ముందు పెట్టి ఒక సీజనంతా తీయండి. అది కొన్ని వందల్లో అయిపోతుంది. అప్పటికీ రోజూ తీయాలనిపిస్తే అప్పుడు చూద్దాం. ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికల్లా మా తోట దగ్గరికి వస్తే కెమెరా మీ మెడలోనే వేస్తా. మెమరీ కార్డు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, నాది నిండింది.