చేతి కానుకలును మా తప్పు తీర్పును

గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన చేతిపనుల ప్రదర్శనమునకు తీర్పరులుగా కూర్చుండినవారిలో మేమును ఉంటిమి. ఆ దినమున మేమొక తప్పు చేసితిమి. దానిని ఇంతకాలము మనస్సులోనే ఉంచుకొంటిమి గాని, ఈ సంవత్సరపు ప్రదర్శనము సమీపించుచున్నది గనుక విద్యార్థులును, తల్లిదండ్రులును, తోడి ఉపాధ్యాయులును చదువు ఈ సంచికలోనే దానిని చెప్పుకొనుట మంచిదని తోచినది.

ఏడవ తరగతివారి బల్లమీద రెండు వస్తువులు ప్రక్కప్రక్కనే ఉండెను. ఒకటి అద్దపు చట్రములో బిగించిన నెమలి. దాని పింఛమంతయు సన్నని రంగుకాగితపు చుట్టలతో కూర్చబడినది. ఒక చుట్టకును మరియొక చుట్టకును వెండ్రుకవాసి భేదము లేదు. రెండవది అరచేతి వెడల్పుగల కార్డు. దానిమీద ఒక ప్రమిదయు, ప్రమిదలో జ్వాలయు. చుట్టలు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఒకచోట జిగురు మరక పసుపుపచ్చగా ఆరియుండెను. మేము నెమలికి మొదటి బహుమాన మిచ్చితిమి. కార్డునకు ఏమియు ఇయ్యలేదు.

బహుమానములు పంచిన పిమ్మట నాలుగవ తరగతి పిల్ల యొకతె నెమలియెదుట నిలిచి, కంటి ఆకారపు చుట్ట ఎట్లు వచ్చినదని బహుమానము పొందిన బాలికను అడిగెను. ఆ బాలిక తల వంచుకొని, "మా అమ్మకు తెలుసు" అని మాత్రము చెప్పెను. కార్డు చేసిన బాలుడు ప్రక్కనే ఉండెను. అతడు జేబులోనుండి కొన చీల్చిన చీపురుపుల్లను తీసి, చేతిలోనున్న కార్యక్రమ పత్రముయొక్క అంచును చింపి, ఆ చీలికలో దూర్చి, చుట్టి, వదలి, రెండువైపుల నొక్కి, "ఇదిగో కన్ను" అని ఆ పిల్ల చేతిలో పెట్టెను. నిమిషమైనను పట్టలేదు. మేము వెనుకనే నిలిచియుంటిమి.

నెమలి అందమైనది కాదని మేము చెప్పుట లేదు. ఆ తల్లి రెండు రాత్రులు మేలుకొని దానిని చేసినదని తరువాత తెలిసినది. కోసియుంచిన పట్టీలును, చుట్టు పనిముట్టును, అచ్చు వేసిన నెమలి బొమ్మయు అన్నియు ఒకే పెట్టెలో అబిడ్స్‌లోని దుకాణములలో దొరకునట. (అబిడ్స్ అను పేరే ఆరవ నిజాముకాలపు ఒక దుకాణదారుని పేరు గనుక అక్కడ దొరకని వస్తువు లేకుండుటలో వింత లేదు.) ఏ అంకెమీద ఏ రంగు అంటింపవలెనో బొమ్మమీదనే అచ్చు వేయబడియుండునట. కాబట్టి ఏదో కర్మాగారము గీసిన బొమ్మకును, ఒక తల్లి నిద్ర మానుకొనుటకును మేము బహుమానమిచ్చి, దానిమీద ఒక బాలిక పేరు వ్రాసితిమి. బహుమానము రాని బాలునికే గాక, వచ్చిన బాలికకును అన్యాయము చేసితిమి. పదుగురిలో ఆమె తల వంచుకొనవలసి వచ్చినది మా తీర్పువలననే గదా.

ఈ పని ఎరుగనివారికొరకు కొంచెము చెప్పెదము. దీనిని క్విల్లింగు అందురు. ఆ ఆంగ్లపదమునకు మూలమైన మాటకు పక్షి యీక యని అర్థము. పూర్వము కాగితపు పట్టీలను ఈక కాడమీద చుట్టెడివారు. మనము దీనిని కాగితపు చుట్టల పని యనవచ్చును. చుట్ట యనగానే తాతగారలు నవ్వవద్దు; ఇందులో పొగ లేదు. కాగితమును 3 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ఇంచుమించు ఎనిమిదవ వంతు వెడల్పుగల పట్టీలుగా కోయవలెను. పట్టీకొనను పుల్ల చీలికలో దూర్చి చుట్టి, సడలనియ్యక అంటించినయెడల గట్టి బిళ్ళ యగును. చేయి వదలినయెడల తనంతట తాను విప్పుకొని చక్రమగును. జంతికల గొట్టమునుండి నూనెలోనికి దిగిన చక్రమును చూచినవారికి వేరే వర్ణన అక్కరలేదు. ఆ చక్రమును ఒకవైపు నొక్కిన నీటిబొట్టు, రెండువైపుల నొక్కిన కన్ను. ఈ నాలుగు ఆకారములు చేతనైనచో ఆకులు, పూవులు, పక్షులు అన్నియు వచ్చును. బషీర్‌బాగ్‌లో బషీరుద్దౌలాగారి పేరు తప్ప తోట మిగులలేదు గనుక కాబోలు, మన పిల్లలు మొదట పూవులనే చేయుదురు.

జిగురునకు మైదాపిండి గంజి చాలును. గంజి ఎక్కువైనచో మరక పడును. నోటుపుస్తకపు కాగితము పలుచన గనుక చుట్ట నిలువక కుంగును. శుభలేఖల కాగితము దళసరిది, చుట్టునపుడు విరుగును. దానిని ముందుగా వ్రేలిగోటితో రాచి మెత్తబరచుకొనవలెను. ఈ సంగతి మాకు ఏ పుస్తకమువలనను తెలియలేదు, ఆ కార్డు బాలుడే చెప్పెను. అతని తండ్రి శుభలేఖల అచ్చుకూటములో కాగితము కోయు యంత్రమువద్ద పని చేయును. బంగారు పూత పూసిన అంచులు యంత్రము క్రింద రాలి ఊడ్పులో పోవుచుండగా వానిని దోసెడు తెచ్చి యిచ్చును. ప్రమిదలోని జ్వాల ఆ అంచులతో చేసినదే.

ఇది వినినప్పుడు మాకు ఈ కళయొక్క చరిత్ర జ్ఞాపకమునకు వచ్చినది. 16, 17 శతాబ్దములలో ఐరోపాలోని మఠములలో కన్యాస్త్రీలు, పుస్తకముల బంగారు అంచులనుండి కోసిన కాగితపు పట్టీలను చుట్టి దైవసంబంధమైన పటములను అలంకరించెడివారు. నిజమైన బంగారు తీగపని చేయించుటకు వారియొద్ద ధనము లేదు. దాని పోలికను కాగితముతో చేసికొనిరి. ఆ బాలుని చేతిలోని పట్టీలును అట్టివే. పిమ్మట 18వ శతాబ్దమున ఇంగ్లండులో ఇది ధనవంతుల ఇండ్లలోని స్త్రీలకు కాలక్షేపమైనది. వారికొరకు వడ్రంగులు తేయాకు పెట్టెలకు గుంటలు తీసి, చుట్టలు అంటించుకొనుటకు అనువుగా చేసి అమ్మిరి. 1786లో ఒక స్త్రీల మాసపత్రిక నమూనా బొమ్మలను కూడ అచ్చువేసినది. కాబట్టి సిద్ధపరచిన పెట్టె అబిడ్స్ దుకాణదారులు కనిపెట్టినది కాదు. అది చాల పాతది.

ఆ కన్యాస్త్రీలు కాగితముతో అనుకరించిన తీగపని మన తెలంగాణమునందు వెండితోనే కలదు. ఎలగందులనుండి వచ్చిన కరీంనగరపు వెండి తీగపనిని చూడనివారు తప్పక చూడవలెను. తలవెండ్రుకవంటి రెండు తీగలను పెనవేసి, చదును చేసి, చుట్టి, చట్రములో కూర్చి అతుకుదురు. అత్తరుదానులును, పాందానులును ఆ విధముగానే అగును. కాగితము చుట్టి చుట్టి వ్రేళ్ళు నొచ్చిన పిల్లవాడు ఆ అత్తరుదానును చూచినచో దాని వెల ఎందుకు అంతయో ఒకరు చెప్పనక్కరలేదు. కానుకను కొనకూడదని మేము అనము. కొనదలచినవారు ఇట్టి పనివారి చేతివస్తువును, చేర్యాల బొమ్మనో, నిర్మల కొయ్యబొమ్మనో కొని, కొన్నామని చెప్పి యియ్యవచ్చును. అందులో కపటము లేదు. కొన్నదానిని చేసినదనుటయందే మా అభ్యంతరము.

ఇక తల్లులను నిందించుటకు మాకు నోరు రాదు. రేపటికి చేతిపని తెమ్మని ఈనాటి సాయంకాలము చెప్పువారము మేమే. తెచ్చినదానిని చూచి, వంకరగా ఉన్నదని మొగము చిట్లించువారమును మేమే. మార్కులు తగ్గునని పిల్ల యేడ్చుచుండగా పని మాని వచ్చిన తల్లి కత్తెర చేతబట్టుట ప్రేమయే గాని మోసము కాదు. ఆమెను అక్కడికి నెట్టినది బడి. అయినను తల్లిదండ్రులకు ఒక మనవి. బల్లమీద కొంచెము చోటును, జిగురు ఒలికినను కసరకుండు ఓర్పును ఇండు. చేతిని మాత్రము ఇయ్యకుడు. మొదటి పది చుట్టలు చెడిపోవును. చెడిపోనిండు. పదునొకండవది నిలుచును.

పరీక్షల కాలమున కాగితములు చుట్టుచు కూర్చుండుట కాలహరణమని ఒక తండ్రిగారు మాతో వాదించిరి. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. గంటలకొలది సెల్‌ఫోనులో పనిని చూచి, ఒక్క చుట్టయైనను చుట్టని పిల్లలను మేమును ఎరుగుదుము. కాని 1837లో జర్మనీ దేశమున పసిపిల్లల బడిని స్థాపించిన ఫ్రోబెల్ పండితుడు కాగితము మడచుటను, అల్లుటను చదువులోనే చేర్చెను. చేతిపని చదువునకు నడుమ ఉండవలెనని గాంధీ మహాత్ముడు 1937లో వార్ధా సభయందు వాదించెను. ఒక పట్టీని సగము చేసి, ఆ సగమును మరల సగము చేసి, ఏ నిడివికి ఎంత చక్రము వచ్చునో చూచిన పిల్లకు భిన్నములు వేరుగా బోధింప నక్కరలేదని మా గణితోపాధ్యాయులు అనుచుందురు.

ఇది ఆడుపిల్లల పనియను మాట కూడ మన తరగతులలో వినబడుచున్నది. సంక్రాంతికి ముందు ధూల్‌పేట వీధులలో మగవారు కూర్చుండి పలుచని కాగితమును వెదురు బద్దకు అతికి గాలిపటములు కట్టుట చూచినవారు ఆ మాట అనరు. గాలిపటము కట్టగల బాలుడు చుట్ట చుట్టుటకు సిగ్గుపడుట మాకు అర్థము కాలేదు.

కాగితమును చులకనగా చూచువారికి ఒక్క మాట. మన రాష్ట్రమున కాగితము పేరు పెట్టుకొన్న ఊరే కలదు. కాగజ్‌నగరులోని సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో మరల తెరువబడినది. నడుమనున్న ఆ కాలము కార్మికుల ఇండ్లలో ఎట్లు గడచియుండునో తలచుకొన్నచో, ఒక నోటుపుస్తకమును సగము వ్రాసి పారవేయుటకు చేయి రాదు.

కాబట్టి ప్రదర్శనపు సంఘమువారికి మా కోరిక యిది. చుట్టల పని ఇంటినుండి తెచ్చునది కాక, రెండు పీరియడ్లలో తరగతియందే, అందరి యెదుట చేయింపవలెను. దుకాణపు పెట్టెలు వలదు. పాత శుభలేఖలు, పత్రికల అట్టలు, వాడిన కవర్లు చాలును. ఇంటివద్ద ఎవరైనను నేర్పవచ్చును, పెట్టెతో మొదలుపెట్టి నేర్చుకొన్నను తప్పు లేదు. ప్రతి వస్తువు క్రిందను అది ఎవరికి కానుకగా ఉద్దేశింపబడినదో వ్రాయింపవలెను; అమ్మకో, అన్నకో, బడిగంట కొట్టు తాతకో. తీర్పరులు వస్తువును చూచుటకు ముందు పిల్లను, "ఇది ఎట్లు చేసితివి?" అని అడుగవలెను. నాంపల్లి మైదానమున ఏటేట జరుగు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్సునందు మొదలైనప్పుడు దాని పేరులోనే ముల్కీ వస్తువులు, అనగా ఈ దేశమున చేసిన వస్తువులు, అను మాట ఉండెను. నగరమంత ప్రదర్శనమునకు ఆ నియమము తగినప్పుడు మన ఏడవ తరగతి బల్లకు, ఈ పిల్ల చేసిన వస్తువు అను నియమము బరువు కాదు.

నెమలి చేసిన తల్లిగారితో మేము ఈ మధ్య మాటలాడితిమి. ఆమె కోపగింపలేదు. తాను చిన్నతనమున బొమ్మలు వేసెడిదాననియు, పెండ్లియైన పిమ్మట ఆ రెండు రాత్రులే మరల చేతికి పని దొరికినదనియు చెప్పిరి. ఈసారి తల్లులకు వేరే బల్ల వేయవలెనని సంఘమువారికి వ్రాసితిమి.

కార్డు బాలుని కూడ పిలిచి, ఆ ప్రమిద కార్డును ఈ సంవత్సరము ప్రదర్శనమున ఉంచుటకు తెచ్చి యిమ్మని అడిగితిమి. మరునాడు అతడు ఉత్తచేతులతో వచ్చెను. అది నాయనమ్మకు ఇచ్చినదట. ఆమె దానిని బియ్యపు డబ్బా మూతమీద అంటించుకొన్నదట, ఊడదీయుటకు ఒప్పుకొనలేదట.