బౌలింగు చేసే కుర్రాడికి నడుమునొప్పి

"మా అబ్బాయికి పదిహేనేళ్లు. కుడిచేత్తో ఫాస్ట్ బౌలింగు చేస్తాడు. నెల రోజులుగా నడుములో ఎడమపక్క నొప్పి అంటున్నాడు. మందు రాస్తే తగ్గుతోంది, బంతి వేస్తే మళ్లీ వస్తోంది. 'ఈ వయసులో నొప్పులేమిటి, పరుగెత్తితే పోతాయి' అంటున్నారు వాళ్ల కోచ్. పంపమంటారా, మానిపించమంటారా?" అని ఒక తల్లి రాశారు.

అమ్మా, ముందు బౌలింగు ఆపించండి. ఆట మానిపించమనడం లేదు. డాక్టరు చూసేవరకు బౌలింగు మాత్రం వద్దు.

ఎందుకో చెబుతాను. ఫాస్ట్ బౌలరు బంతి వదిలేటప్పుడు ముందుకాలు నేలను గట్టిగా తాకుతుంది. ఆ క్షణంలో దానిమీద పడే భారం అతని శరీరబరువుకు అయిదారు రెట్లు ఉంటుంది. అప్పుడే నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఆ ఒత్తిడి ఎక్కువగా నడుము కిందిభాగంలో ఎడమపక్కన వెన్నుపూస మీద పడుతుంది. ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట చిట్లుతుంది చూడండి, ఎముకకూ అలాగే జరుగుతుంది. కాకపోతే ఎముక తనను తాను బాగుచేసుకోగలదు, వ్యవధి ఇస్తే. ఇవ్వకపోతే సన్నని చీలిక ఏర్పడుతుంది. ఇరవై దాటిన కొన్నేళ్లవరకూ వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడవు.

ఆస్ట్రేలియా బౌలరు పాట్ కమిన్స్ 2011లో 18 ఏళ్లకే మొదటి టెస్టు ఆడాడు. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో అయిదేళ్లకు పైగా పోయాయి. అందుకు ముఖ్యకారణం వెన్నులో ఈ చీలికలే. అన్ని వసతులూ ఉన్న దేశంలోనే ఇలా జరిగింది.

"మన సిరాజ్ 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లు వేయలేదా?" అని తండ్రులు అడుగుతారు. వేశాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు, ఎముక ముదిరింది. అదే పర్యటనలో బుమ్రాను మూడు టెస్టులకే పరిమితం చేశారు. 2023లో వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకున్న మనిషి మరి.

పెద్దవాళ్లకైనా మ్యాచ్‌ల మధ్య వ్యవధి కావాలి. రంజీ మ్యాచ్‌ల మధ్య మూడేసి రోజుల విరామం చాలదని 2024 మార్చిలో శార్దూల్ ఠాకూర్ బాహాటంగానే అన్నాడు. 2024-25 సీజనులో బోర్డు రంజీ పోటీలను రెండు భాగాలు చేసింది. మధ్యలో పరిమిత ఓవర్ల పోటీలు పెట్టింది. భారం కొంత తగ్గుతుంది గాని, దాన్ని విశ్రాంతి అనలేం.

మీ అబ్బాయి సంగతి ఇంకా చిక్కు. ఆ వయసు పిల్లలకు స్కూలు జట్టు ఒకటి, క్లబ్బు ఒకటి, సాయంత్రం అకాడమీ ఒకటి. ఎవరికి వాళ్లు "మేం కొద్దిగానే వేయిస్తున్నాం" అంటారు. మొత్తం కూడేవాళ్లు ఎవరూ లేరు. ఆ పని ఇంట్లోనే చెయ్యాలి. గోడ క్యాలెండరు మీద పాలలెక్క రాసుకున్నట్టే ఏ రోజు ఎన్ని ఓవర్లో రాయండి. నెట్స్‌లో వేసినవీ కలపాలి. ఇంగ్లండు బోర్డు చాలా ఏళ్లు అమలుచేసిన నియమం ప్రకారం 14, 15 ఏళ్ల ఫాస్ట్ బౌలరు ఒక విడతలో 6 ఓవర్లు, రోజుకు 12 మించకూడదు. వారంలో నాలుగు రోజులకు, వరుసగా రెండు రోజులకు మించి బౌలింగు చెయ్యకూడదు. మీరూ ఆ లెక్కే పాటించండి. ఏడాదిలో రెండు మూడు నెలలు ఫాస్ట్ బౌలింగు లేకుండా చూడండి.

మన దగ్గర నాకు అన్నిటికన్నా భయం వేసవి శిబిరాలంటేనే. పదో తరగతి పరీక్షల పేరుతో రెండు నెలలు బంతి ముట్టని పిల్లవాణ్ణి ఏప్రిల్లో ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట దింపుతారు. ఫీజు కట్టాం గదా అని తల్లిదండ్రులూ ఒక్కపూట మాననివ్వరు. ఎముక అంత తొందరగా అలవాటుపడదు. మొదటి వారం కొద్ది ఓవర్లతో మొదలుపెట్టి నాలుగైదు వారాల్లో మెల్లగా పెంచాలి.

ఇక వైద్యం. ఎముకల డాక్టరుకు చూపించండి. తొలిదశలో ఈ చీలిక ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకండి, అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయించాలి. చీలిక ఉంటే మూడు నుంచి ఆరు నెలలు బౌలింగు ఉండదు. పిల్లవాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి. నొప్పి తగ్గాక ఈత, నడక, పొట్ట, నడుము కండరాలకు వ్యాయామం డాక్టరు చెప్పినట్టు చేయించండి. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కు పంపడం మాత్రం కూడదు. మాత్ర నొప్పిని దాస్తుంది, చీలికను కాదు. నడుము తొక్కించడం, విరిపించడం అసలే వద్దు. పాలు, పెరుగు, రాగిజావ ఇవ్వండి. రాత్రి తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. సెల్‌ఫోను పక్కగదిలో పెట్టండి.

కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, రాత్రిళ్లు నొప్పితో మెలకువ వస్తున్నా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా అపాయింటుమెంటు కోసం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.