గోడ బీటలు పూడ్చినా మళ్లీ వస్తున్నాయా? ముందు నేల సంగతి చూడండి

వేసవిలో గోడకు బీట పడింది. మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించారు. వానలు పడ్డాక తలుపు బిగుసుకుంది. మళ్లీ ఎండలు ముదిరేసరికి అదే చోట అదే బీట. మీ ఇంట్లోనూ ఇదే వరసైతే తప్పు సిమెంటుది కాకపోవచ్చు.

విజయనగరం జిల్లాలో ఎర్రనేలలే ఎక్కువ. అందుకే బొబ్బిలి వైపు ఇల్లు కట్టేవాళ్లు నేల గురించి పెద్దగా ఆలోచించరు. కానీ పల్లపు భూముల్లో, చెరువుల పక్కన బంకమన్ను తగలడం మామూలే. అందులో రేగడి గుణం ఉంటే తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకేలా లేచి దిగితే ఇబ్బంది లేదు. ఎండ తగిలే బయటి గోడ కింద ఒకలా, నడిమి గది కింద మరోలా కదలడంతోనే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. కాలంతో పని లేకుండా బీట పెరుగుతూనే ఉంటే అది వేరే జబ్బు: పూడ్చిన మట్టి కుంగుతోందని అనుమానించాలి.

రైతు సేవా కేంద్రంలో చేయించే భూసార పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది పంటకు కావాల్సిన పోషకాల లెక్క. ఇంటికి కావాల్సింది ఉబ్బు పరీక్ష. ఆరబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి 24 గంటల తర్వాత తేడా కళ్లకు కడుతుంది. అది 50 శాతం దాటితే మామూలు పునాది చాలదేమో ఇంజినీరును అడగాల్సిందే. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదిని రూపొందించింది.

అసలు చిక్కు డబ్బు దగ్గర. 2020 డిసెంబర్ 25న రాష్ట్రంలో మొదలైన పేదల ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి రూ.1.80 లక్షలు. 2025 మార్చిలో, మధ్యలో ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజనులకు రూ.లక్ష అదనంగా ప్రకటించారు. మంచిదే. అయితే ఈ తేడాలు సామాజిక వర్గాన్ని బట్టే, నేలను బట్టి కాదు. లేఅవుట్‌లో తనకొచ్చిన స్థలం బంకమన్నైతే ఆ అదనపు ఖర్చు లబ్ధిదారుడి నెత్తినే పడుతుంది.

బీమా ఉందని ధీమా పడొద్దు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ నేల కుంగితే వర్తిస్తుంది గానీ, కొత్త కట్టడం సర్దుకోవడం వల్ల వచ్చే పగుళ్లకు, పూడ్చిన నేల కదిలితే వచ్చే నష్టానికి వర్తించదు. రెరా పరిధిలోని ప్రాజెక్టులో కొన్నవారికి మాత్రం గట్టి హక్కుంది. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, ఫిర్యాదు అందిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి.

కట్టేసిన ఇంటికైతే ముందు నీటిని అదుపు చేయండి. చూరు నీళ్లు, స్నానాల గది నీళ్లు గోడ మొదట్లో ఇంకనివ్వకండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా చప్టా వేయించండి. గోడను ఆనుకుని పెద్ద చెట్లు పెంచకండి. వీధి కుళాయి పైపు కారుతున్నా, కాలువ పొంగుతున్నా వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, ఏడాదిపాటు గమనించండి. స్తంభం లేదా బీమ్ మీద పగులు కనిపిస్తే మాత్రం ఏడాది ఆగకండి, మేస్త్రీ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.