ఊరిని అడక్కుండా గీసిన మ్యాపు

"వాళ్ళకి ప్లానింగేం తెలుసండీ?"

హైటెక్ సిటీ క్యాంటీన్లలో ఆదివాసీల ప్రస్తావన వస్తే చాలు, అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. 'వాళ్ళు' అంటే ఆదిలాబాద్ గోండులు, కొలాములు, భద్రాచలం వైపు కోయలు, పాడేరు కొండల మీది జనం. 'ప్లానింగ్' అంటే ఓ మ్యాపు, దాని మీద నాలుగు రంగులు, ఓ కన్సల్టెంటు. ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. 2025 ఏప్రిల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం రాత్రింబవళ్ళు పోస్టులు పెట్టినవాళ్ళే, సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించినప్పుడు పండగ చేసుకున్నవాళ్ళే. అందుకే నా గొడవంతా వాళ్ళతోనే.

ముందు మనకి ప్లానింగ్ ఎంత బాగా వచ్చో చూద్దాం. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అప్పట్నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ... వీటి భూమి ఎలా వాడాలో నిర్ణయించేందుకు సంస్థలకి కొదవ లేదు. హుడా, సైబరాబాద్ కోసం ప్రత్యేకంగా మరో సంస్థ, 2008 నుంచి హెచ్ఎండీఏ. ఇంతమంది నిపుణులు కూచుని గీశాక, ఓ గంట గట్టి వాన పడితే ఐటీ కారిడార్లో ఎవరు ఎన్నింటికి ఇల్లు చేరతారో దేవుడికే తెలియాలి :) జంట జలాశయాలు బాగుండాలని 1996లో 84 గ్రామాలకి 111 జీవో ఇచ్చారు. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. మాస్టర్ ప్లానులో రంగు మారడానికి ఏ గ్రామసభ తీర్మానమూ అక్కర్లేదు, వేలం పాట చాలు. అన్నట్టు 'కంచ' అంటే ఊరి పశువులు మేసే ఉమ్మడి బీడు. ఆ మాట మనకి ఊరి పేరులో మాత్రమే మిగిలింది.

ఇంత ఘనకార్యం చేసినవాళ్ళం మనం, వాళ్ళకి ప్లానింగ్ రాదంటున్నాం!

సరే, ఉత్తరానికి వెళ్దాం. 2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం 49 నంబరు జీవో ఒకటి ఇచ్చింది. కవ్వాల్ పులుల అభయారణ్యాన్ని మహారాష్ట్ర తాడోబాతో కలిపే దారి కోసం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు లక్షన్నర హెక్టార్లు కన్జర్వేషన్ రిజర్వ్ అని ప్రకటించింది. దానికి కుమురం భీం పేరే పెట్టారు, చూడండి విడ్డూరం. లక్షన్నర హెక్టార్లంటే మన కంచ గచ్చిబౌలికి తొమ్మిది వందల రెట్లు. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, బంద్ చేశాయి, జులైలో ప్రభుత్వం ఆ జీవో అమలు నిలిపేసింది. మన స్టేటస్సుల్లో మాత్రం చడీచప్పుడు లేదు. ఎందుకంటే ఇక్కడ నరికేది చెట్లు కాదు, కాపాడేది పులిని. పులి బొమ్మ బాగుంటుంది. దాని పక్కన పోడు గుడిసె ఉంటే ఫోటో పాడవుతుంది.

వన్యప్రాణి చట్టం 36-ఎ సెక్షన్ ఏమంటుంది? స్థానిక సమాజాలతో సంప్రదించాకే కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించాలంటుంది. గ్రామసభలు పెట్టి మమ్మల్ని అడగలేదన్నదే ఆదివాసీ సంఘాల ప్రధాన అభ్యంతరం. పులి వద్దని కాదు మహాప్రభో, అడగలేదని! జీవో నిలిపేశారు కదా అంటారేమో. నిలిపెయ్యడం వేరు, అడగడం వేరు.

ఈ అడక్కపోవడం నిన్న మొన్నటిది కాదు. నిజాం కాలంలో రిజర్వు ఫారెస్టు గీతలు గీసి ఊళ్ళకి ఊళ్ళని ఆక్రమణదారులని చేసినప్పుడే బాబేఝరీ, జోడేఘాట్ ప్రాంతంలో పన్నెండు ఊళ్ళ పోరాటం మొదలైంది. కుమురం భీం 1940లో చంపబడ్డాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ని గోండుల స్థితి పరిశీలించమని పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, గోండీ వాచకాలు రాయించాడు, భూమి పట్టాలిప్పించాడు, కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలెట్టించాడు. మంచి మనిషే. కాకపోతే ఆ దర్బారు ఇప్పటికీ పుష్య మాసంలో నడుస్తూనే ఉంది, అధికారులు వేదిక మీదా, ఆదివాసీలు కింద అర్జీలు పట్టుకునీ. ఎనభై ఏళ్ళ నుంచీ అర్జీలే! నేననేదేంటంటే, చట్టం ప్రకారం వాళ్ళిప్పుడు అర్జీదారులు కారు. నిర్ణయించాల్సినవాళ్ళు.

ఏ చట్టం? 1996 నాటి పీసా చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో ఊరి ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకీ ఉందని రాసింది. 'సామర్థ్యం' అనే రాసింది. మన క్యాంటీన్ ప్రశ్నకి పార్లమెంటు ఎప్పుడో జవాబిచ్చేసిందన్నమాట. ఇంకో పదేళ్ళకి, 2006లో, అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు భూమికి విడి పట్టాలు ఒక భాగం మాత్రమే. అంతకన్నా పెద్దది 3(1)(ఐ): ఊరు తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవిని మొత్తంగా ఊరే నిర్వహించుకునే హక్కు. ఎక్కడ ఇప్పపూవు ఏరాలి, ఎక్కడ వెదురు కొట్టాలి, ఎక్కడ పశువులు మేపాలి, ఎక్కడ అసలు గొడ్డలే పెట్టకూడదు... ఇదంతా ఊరు కూచుని తేల్చుకుంటుంది. దీన్ని ఇంగ్లీషులో చెప్తే ల్యాండ్ యూజ్ ప్లానింగ్ అంటారు, మన కన్సల్టెంట్లు పవర్ పాయింట్లో పెట్టేది అదే.

మరి జరిగిందేంటి? ఇక్కడ మన ఫీల్డు వాళ్ళకి ఇట్టే అర్థమయ్యే ముక్క ఒకటుంది. పీసాలో భూసేకరణ దగ్గర "గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ"ని సంప్రదించాలని రాశారు. ఆ 'లేదా' చూశారూ, అదే బగ్గు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించినప్పుడు ఆ 'లేదా'లోంచి జారి, సంప్రదించాల్సింది మండల పరిషత్తుని అని రాసుకుంది. గూడెం పక్కకి పోయింది. కండిషన్ నెరవేరినట్టే, యూజరుని మాత్రం ఎవరూ అడగలేదు. ఇక పీసా నియమాలు రావడానికి 2011 దాకా, అంటే పదిహేనేళ్ళు పట్టింది. అడవి విషయంలో ఇంకో చమత్కారం చేశారు. సామూహిక హక్కు పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరున ఇచ్చారు. ఆ సమితులు అటవీ శాఖ పెట్టినవి. ఇంటి తాళం వాచ్‌మన్ చేతికిచ్చి యజమానికి ఇచ్చామన్నట్టుంది. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలెట్టి తెలంగాణలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలిచ్చారు. సంతోషం. అవి మనిషికో పట్టా. ఊరికి అడవి మాత్రం రాలేదు.

2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రాకి మార్చారు. రాష్ట్రం మారిన సంగతి కోయలూ కొండరెడ్లూ రేడియోలో వినాల్సొచ్చింది. దీని గురించి రాయడం మొదలెడితే ఇంకో టపా అవుతుంది.

"అడిగితే అన్నీ వద్దంటారు, అభివృద్ధి ఎలా?" ఇది రెండో వాదన. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు ఊళ్ళని అడిగారు, జిల్లా జడ్జీ సమక్షంలో. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. నిజమే. అయితే మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు గ్రామం ఉంది, మన సిర్పూరుకి మరీ దూరమేం కాదు. 2009లో సుమారు 1800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది, 2011 నుంచి వెదురు తనే కొట్టి తనే అమ్ముకుంది. వాళ్ళ నినాదం 'మావ నాటె మావ రాజ్'. అవుననడం కూడా వాళ్ళకి వచ్చు, లెక్క వాళ్ళ చేతిలో ఉంటే. కెనడాలో ఒంటారియో ఉత్తరాన పికాంజికమ్ అనే ఒజిబ్వే జనం తమ పెద్దల మాట ప్రకారం సుమారు పన్నెండు లక్షల హెక్టార్ల అడవికి 2006లోనే ప్లాను రాసుకున్నారు. అందులో కలప కొట్టే చోట్లు కూడా ఉన్నాయి. 2010లో అక్కడి ప్రభుత్వం ఆ పద్ధతికి చట్టం చేసింది. ఆఖరి మాట తన దగ్గరే అట్టిపెట్టుకుందని అక్కడి ఆదివాసీ సమాఖ్య దాన్నీ వ్యతిరేకించింది. సర్కార్లు ఎక్కడైనా సర్కార్లే.

గ్రామసభలు అంత పవిత్రమైనవా అని అడగండి, తప్పులేదు. కోరం లేకుండా సంతకాలు పెట్టించుకున్న సభలుంటాయి, మైదానం నుంచి వచ్చిన వ్యాపారి చెప్పుచేతల్లో నడిచేవీ ఉంటాయి. 1/70 చట్టం ఉండగానే ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఎంత భూమి ఉందో చూస్తే తెలుస్తుంది. అందుకే సభ పంచాయతీకొకటి కాదు, గూడేనికొకటి ఉండాలి. అది పీసా స్ఫూర్తే. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి ఎంతమంది వస్తారో కూడా ఓసారి తల్చుకోండి. అలాగని మన పార్కింగు స్థలం సంగతి కలెక్టరుగారు తేల్చాలని మనం అనం కదా.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఓ గొప్ప మాటంది. అనంతగిరి మండలంలో గనుల లీజుల గొడవ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూ బదలాయింపు చట్టం చెప్పే 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా వస్తుందనీ, అదీ గిరిజనేతరుడి కిందే లెక్కనీ, గిరిజనేతరులకి లీజివ్వకూడదనీ తేల్చింది. సర్కారు అడవి సర్కారు ఇష్టం అనేవాళ్ళకి అంతకన్నా ఏం చెప్పాలి?

మన పనేంటో కూడా చెప్తాను. సామూహిక అటవీ వనరుల హక్కుకి పెట్టాల్సింది ఫారం-సి. దానికి ఊరి సరిహద్దు మ్యాపు కావాలి. ఆ హద్దు ఏ వాగు దగ్గర మొదలై ఏ గుట్ట దగ్గర తిరుగుతుందో ఊరి పెద్దలకి తెలుసు. దాన్ని జీపీఎస్‌లోకి ఎక్కించడం మనకి తెలుసు. ఉపగ్రహ చిత్రాల సంస్థ బాలానగర్‌లోనే ఉంది. ఆసిఫాబాద్‌కి రైల్లో అయిదారు గంటలు. వారాంతాల్లో ట్రెక్కింగులకి కవ్వాల్ వెళ్ళేవాళ్ళు మనలో బోలెడుమంది. జీవో 49 మళ్ళీ ఏ పేరుతోనో రాకముందే ఆ ఊళ్ళ ఫారం-సిలు సబ్ డివిజన్ ఆఫీసులో రసీదు నంబర్లతో పడి ఉండాలి. హద్దు ఎక్కడ గియ్యాలో మాత్రం మనం చెప్పొద్దు.