చిట్టి కుక్కలు, మన యెండలు

తమకలోను కోలారులోను పామరేనియన్, పగ్ జాతుల చిట్టి కుక్కలను పెంచువారు కానవచ్చుచున్నారు. ముచ్చటపడుట తప్పు కాదు; కాని కూనను తెచ్చుటకు ముందు దాని పుట్టుక నెరుగుట మేలని మేము తలంతుము.

పామరేనియన్ పూర్వులు బాల్టిక్ తీరపు చలిసీమవి. అది చురుకైనది, గడప కడ అలికిడియైన మొరుగును; కాని ఆ దట్టపు బొచ్చుతో వేసవిలో రొప్పుచుండును. చైనా దేశపు పగ్ నెమ్మదైనది, పిల్లలతో చనువుగా మెలగును. 2003లో హచ్ టెలిఫోను సంస్థ ప్రకటనలో బాలుని వెంట తిరిగిన పగ్‌ను చూచి ఎందరో దానిని కోరిరి. ఆ చప్పిడి ముక్కును ముద్దు కొరకు తరతరములుగా పొట్టి చేసినవారు మనుష్యులే. కుక్క రొప్పియే ఒడలు చల్లబరచుకొనవలెను. ఊపిరి సరిగా ఆడని పగ్‌కు అదియు కష్టమే. మన ముచ్చట దానికి ఆయాసమగుట మాకు న్యాయముగా తోచదు.

మన వీధికూనకు ముక్కు పొడవు, బొచ్చు పొట్టి. పెద్దలు గ్రామసింహమన్నది దీనినే కదా! వెలయు లేదు. ఏ కూనకైనను రేబిస్ టీకా వేయింపవలెను. చిన్న పంటిగాటైనను సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యుని చూడవలెను.

తల్లిదండ్రులారా, కుక్క పదేండ్లకు పైగా బ్రతుకును. పిల్లవాడు పైచదువునకు బెంగుళూరు పోయిన పిదప దానికి అన్నము పెట్టువారెవరో ముందే నిశ్చయించుకొనుడు.