పుష్పకం నుంచి పడుగుపోగు దాకా

ఈమధ్య మా తరగతి పిల్లలకొక పని అప్పగించాను. నేటి యంత్రమేదైనా ఒకదాన్ని ఎంచుకుని, దాని మూలాన్ని వెదుక్కుంటూ వీలైనంత ప్రాచీనకాలానికి వెళ్ళి రమ్మన్నాను. వారం తిరిగేసరికి సగానికి పైగా పిల్లలు పుష్పక విమానంతో తిరిగివచ్చారు.

నవ్వడం తేలిక. కాని గురువు నవ్విన చోట శిష్యుడు ప్రశ్నించడం మానేస్తాడు. అందుకని పుష్పకాన్ని కవి ఊహగా గౌరవించి పక్కన పెట్టి, భరద్వాజ మహర్షి రచనగా ప్రచారంలో ఉన్న 'వైమానిక శాస్త్రం' సంగతి చెప్పాను. 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు పరిశోధకులు దాన్ని పరీక్షించి, అది ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన రచనేననీ, అందులో వర్ణించిన విమానాలు ఎగరలేవనీ తేల్చారు.

వెనక బల్ల మీది కుర్రవాడి ముఖం చిన్నబోయింది. "అయితే మనవాళ్ళకేమీ తెలియదా మాస్టారూ?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అబద్ధాన్ని లాక్కున్నాను సరే, ఆ ఖాళీ చేతిలో ఏం పెట్టాను?

ఆ కుర్రవాడిది నేత కుటుంబం. మర్నాడు అందరం వాళ్ళింటికే వెళ్ళాం. మగ్గం మీద జాకార్డ్ పెట్టె, దాని నుంచి వేలాడుతూ బెజ్జాల అట్టల దండ. బెజ్జం ఉన్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పేక పేకకూ ఒక అట్ట తిరుగుతుంది. ఉన్నది, లేనిది అన్న ఆ రెండు మాటలతోనే చీర అంచున నెమలి దిగుతుంది. కంప్యూటరు భాష కూడా ఆ రెండు మాటలదే కదా!

1804లో ఫ్రాన్సులో జాకార్డ్ రూపొందించిన ఈ పద్ధతినే చూసి, చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి బెజ్జాల అట్టలు వాడాలనుకున్నాడు. ఆ యంత్రం పూర్తికాలేదు. 1890 అమెరికా జనగణనలో హోలెరిత్ అట్టలు మాత్రం కోట్లమందిని లెక్కపెట్టాయి.

పోనీ, జాకార్డ్ శూన్యంలోంచి సృష్టించాడా అంటే, అదీ లేదు. 1725లోనే బూషోన్ బెజ్జాల కాగితాన్ని మగ్గానికి తగిలించాడు. అంతకు ఎంతో ముందే బెనారసు నేతగాళ్ళు బుటా నమూనాను దారాల ముడులుగా మగ్గం మీదే భద్రపరచుకునేవారు. అది దారంతో చేసిన జ్ఞాపకం. చైనాలోని చెంగ్డూలో 2012-13 తవ్వకాల్లో ఒక సమాధి నుంచి నాలుగు బొమ్మ మగ్గాలు బయటపడ్డాయి. అవి క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానివి, నమూనాలు నేసే మగ్గాలు. అక్కడ చేతికందే వస్తువుంది, కాలనిర్ణయం ఉంది.

నా అభిప్రాయం ఇది. యంత్రానికి పూర్వీకులు ఉంటారు గాని, వారు ఏ ఒక్క జాతికీ సొంతం కారు. వారిని వెతకవలసింది పనిచేసిన చేతుల్లో. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించే గర్వానికి శ్రమ అక్కరలేదు, కనుకనే అది ఏమీ నేర్పదు. చేనేత కుటుంబంలో పుట్టి, బడి చదువు మధ్యలోనే మానేసిన చింతకింది మల్లేశం, చీర చీరకూ వేలసార్లు చెయ్యి కదిపి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. పాత పనిముట్టును నిజంగా ఎరిగినవాడికే కొత్త యంత్రం తోస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ కుర్రవాడు తాతగారినడిగి చిరిగిన అట్ట ఒకటి తెచ్చుకున్నాడు. తరగతిలో దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, బెజ్జాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పుష్పకం ఊసు మళ్ళీ ఎత్తలేదు.