తలసరి లెక్క దాచిన తాండూరు

ఏటా బడ్జెట్ సమావేశాల వేళ తెలంగాణ సామాజిక ఆర్థిక సర్వే విడుదలవుతుంది. మర్నాడు తలసరి ఆదాయం పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కుతుంది. పెద్ద రాష్ట్రాల్లో ముందు వరుసలో ఉన్నాం కనుక ప్రజలు సుఖంగా ఉన్నట్టేనని పాలకులు చెబుతారు. గద్దె మీద పార్టీ మారినా ఈ మాట మారలేదు. ఈ మాట తప్పు.

2016 అక్టోబరులో జిల్లాలను విడదీసేదాకా వికారాబాద్, తాండూరు, పరిగి రంగారెడ్డి జిల్లాలోనే ఉండేవి. గచ్చిబౌలి ఐటీ కంపెనీల రాబడినీ తాండూరు కంది రైతు రాబడినీ, నాపరాయి గని కూలీ రోజుకూలినీ ఒకచోట పోసి తలకింతని పంచితే జిల్లా మొత్తం కలిగినదిగా కనిపించేది. విడదీశాక అసలు సంగతి బయటపడింది. తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రానికే మొదటిది, వికారాబాద్ అట్టడుగున ఉన్నది. రెంటి మధ్య తేడా ఐదింతలకు పైనే. గని కూలీ 2016లో కొత్తగా పేదవాడు కాలేదు. అంతకుముందూ పేదవాడే, సగటు అతన్ని కప్పిపెట్టింది.

పంపకం సంగతి అలా ఉంచి, అసలు లెక్కలోకి ఏం వస్తోందో చూడాలి. అప్పు తెచ్చి బోరు వేస్తే రిగ్గు బాడుగ ఉత్పత్తిలో చేరుతుంది. నీళ్లు పడక మరో బోరు వేస్తే అదీ చేరుతుంది. పాతాళానికి దిగిపోయిన నీటిమట్టాన్ని, రైతు నెత్తిన పడ్డ వడ్డీ భారాన్ని ఎవరూ అందులోంచి తీసివేయరు. ఆడవాళ్ల ఇంటి చాకిరీకి అసలు చోటే లేదు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. జీతం లేని ఆ వంట, అంట్లు, బట్టలు ఉత్పత్తి కిందికి రావు.

అమెరికా జాతీయాదాయ లెక్కలను రూపొందించిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఈ అంకెను బట్టి ప్రజల క్షేమాన్ని తేల్చడం కష్టమని ఆ దేశపు సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు.

ఆదాయం లేనిదే ఆసుపత్రి ఎలా కడతారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పస్తులున్న ఇంటికి నాలుగు రూపాయలు వస్తే ఆ ఇంటి కష్టం తగ్గుతుంది. అయితే రాష్ట్రంలో ఉత్పత్తి పెరిగినంత మాత్రాన ఆ డబ్బు ఆ ఇంటికి చేరినట్టు కాదు. కేరళ తలసరి ఆదాయం తెలంగాణ కంటే తక్కువ. అయినా 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండా చనిపోయినవారు అక్కడ 6, తెలంగాణలో 21. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత కేరళలో 36.3 శాతం, తెలంగాణలో 57.6 శాతం.

అలాగని కేరళలో అందరూ సుఖంగా ఉన్నారనలేం. 2022లో లక్ష జనాభాకు ఆత్మహత్యలు కేరళలో 28.5, తెలంగాణలో 26.3. దేశ సగటు 12.4 మాత్రమే. దేశవ్యాప్తంగా ఈ చావులకు నమోదైన కారణాల్లో ముందున్నవి కుటుంబ సమస్యలు, అనారోగ్యం. ఇంత దుఃఖం కళ్లెదుట ఉండగా తలసరి ఆదాయం చూపి జనం సుఖంగా ఉన్నారనడం అన్యాయం.

వచ్చే సర్వేలో తలసరి ఆదాయం అచ్చయ్యే పేజీలోనే రక్తహీనత, శిశు మరణాలు, ఆత్మహత్యల అంకెలను జిల్లాల వారీగా వేయాలి. బడ్జెట్ చర్చలో వికారాబాద్ సంగతేమిటని ఎమ్మెల్యేలు నిలదీయాలి. వాళ్లు అడగకపోతే, ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఓటర్లు వాళ్లనే నిలదీయాలి.